రంపపు పొట్టు, సరుగుడు జిగురు

నవంబరు 3, 1981

ఈ ఇంట్లో తెలుగు చదవడం వచ్చింది నాకొక్కదానికే. కాబట్టి ఈ డైరీకి తాళం అక్కర్లేదు. వంటగదిలో మరిచిపోయినా అమ్మ దాన్ని తుడిచి అటకమీద పెడుతుంది, అంతే. మేం మాట్లాడేది తెలుగే, తాతల కాలం నుంచి ఈ పాండిచ్చేరిలో తెలుగే మాట్లాడుతున్నాం. చదివేది మాత్రం అరవం. కాలేజీలో చేరాక, యానాం నుంచి వచ్చిన చిన్నమ్మాయి నా పక్కన కూర్చుని అక్షరాలు దిద్దించింది. చిన్నమ్మాయి అన్నది ముద్దుపేరు కాదు, రిజిస్టర్లో ఉన్న పేరే. అప్పటినుంచి తెలుగు మాట ఏది దొరికినా నోట్లో వేసుకుని చప్పరించాలనిపిస్తుంది.

ఈరోజు దొరికిన మాట బెరడు. ఇంట్లో మేం పట్ట అంటాం. బెరడు అంటే అరచేతికి గరుగ్గా తగులుతుంది.

నాయన దగ్గుతున్నాడు. వానాకాలం కదా, జలుబు.

నవంబరు 8, ఆదివారం

క్యారేజీ తీసుకుని విల్లియనూరు రోడ్డులో మా కోత మిల్లుకి వెళ్ళాను. నాయన పని చేసే తీరు ఎప్పటినుంచో రాసుకోవాలనుకుంటున్నాను.

దుంగ రంపానికి ఎక్కుతుంది. మొదటి కోత పడగానే నాయన చెయ్యి చాపి, రాలే పొట్టుని గుప్పెడు పట్టుకుంటాడు. ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీలుస్తాడు. అప్పుడు చెప్తాడు. "లోపల పచ్చి ఉండాది, దించెయ్." లేకపోతే, "నడిమధ్య పుచ్చిపోయింది, తలుపుకి ఆగదు, బెంచీలకి కొయ్యి." పైనుంచి చూస్తే మాకెవరికీ ఏమీ కనిపించదు. కోశాక చూస్తే ఆయన చెప్పినట్టే ఉంటుంది. ఏంబలం ఊరి నుంచి కూడా దుంగలు బండ్లమీద వేసుకుని మా మిల్లుకే వస్తారు, మా నాయన పట్టాభి ముక్కుకి చూపించుకుందామని.

ఆ ముక్కే ఆయన్ని రంపం దగ్గర కట్టేసింది. పొట్టు ఊపిరితిత్తుల్లోకి పోతోంది, ఇక షెడ్డులో అడుగుపెట్టొద్దని ఎండాకాలంలోనే డాక్టరు చెప్పేశాడు. అమ్మ పాత చీర చింపి, మూతికి కట్టుకోవడానికి గుడ్డ కుట్టిచ్చింది.

"ముక్కు మూసుకుంటే మరం యెట్ల తెలిసేది హేమా?" అన్నాడు నాయన. మరం అంటే మాకు చెక్క.

"ఊపిరుంటే కదా మరం తెలిసేది" అంది అమ్మ.

ఆ గుడ్డతో ఇప్పుడు స్కూటరు తుడుస్తున్నాడు.

నాకొక ఆలోచన వచ్చింది. షెడ్డు వెనక పొట్టు ఇంటెత్తు పేరుకుని ఉంది. పొయ్యిల్లోకని ఆడవాళ్ళు తట్టలతో మోసుకుపోతారు, అయినా తరగదు. దాని పక్కనే సరుగుడు గుంజలు చెక్కగా మిగిలిన బెరడు, వానకి నాని ఎర్రటి నీళ్ళు కారుస్తూ ఉంది. ఈ రెండింటినీ కలిపి పలకలు చేసే పని ఒకటి మొదలుపెడితే, ఆ పని నాయనకి నచ్చితే, రంపం దగ్గర్నుంచి లేస్తాడు. పొమ్మంటే పోయే మనిషి కాదు. ఇంకో పని చూపిస్తే పోతాడు. నాకు నాయన తెలుసు.

నవంబరు 9

కెమిస్ట్రీ చెప్పే రామభద్రరావు గారిని అడిగాను. ఆయనది ఆంధ్ర, అందుకని తెలుగులో అడగడానికి నాకెప్పుడూ సరదా. బెరడులో టానిన్ ఉంటుందట. నీళ్ళలో కాచి, కషాయం చిక్కబడేదాకా మరిగించి, ఫార్మలిన్ కలిపి, పొట్టుతో పిసికి, వేడి ఇనుప పలకల మధ్య బిగిస్తే గట్టిపడుతుందట. తరవాత నీళ్ళలో వేసినా కరగదట.

"ఫిబ్రవరిలో కాలేజీల సైన్సు ప్రదర్శన ఉంది కదమ్మా. నువ్వు దీన్ని పెట్టు" అన్నారు. లాబొరేటరీ నుంచి ఫార్మలిన్ సీసా ఇప్పించారు. కిటికీలు బాగా ఉన్న చోట వాడమన్నారు.

చిన్నమ్మాయి సీసా మూత తీసి వాసన చూసి వెనక్కి గెంతింది. "ఓలమ్మో, ఇదేంటే, ముక్కులో సూది పెట్టి గుచ్చినట్టుంది! మీ నాన్న పొట్టుకన్నా ఇదే నయమంటావా?"

పొట్టుతో దీనికి పోలికేమిటి? కళ్ళు కొంచెం మండుతాయి, అంతే.

నవంబరు 15

అమ్మని ఇత్తడి అండా అడిగాను, బెరడు కాచడానికి. అడగకూడనిది అడిగినట్టు చూసింది.

"పొంగలి పెట్టే అండాలో చెట్టు పట్ట కాస్తావా? ఏంది కోమలా, నీకేమైనా పట్టిందా?"

"కడిగిస్తాను కదమ్మా."

"ఎందరు కాళ్ళు పెట్టి తొక్కిన పట్టో అది. పో, పెరట్లో ఇనుప బాణలి ఉండాది, తీసుకో."

తీసుకున్నాను. మిల్లు వెనక రేకుల కొట్టులో పొట్టు పొయ్యి వెలిగించి పొద్దున్నుంచి కాచాను. ఎర్రగా రావాల్సిన కషాయం నల్లగా వచ్చింది. మామూలు నలుపు కాదు, సిరా నలుపు. నా వేళ్ళు, పావడా, బాణలి, గరిటె అన్నీ నలుపే. నాయన తొంగిచూశాడు.

"కాటుక చేస్తా ఉండావా అమ్మణ్ణీ? మంచిదే. ఊరంతటికీ పెట్టొచ్చు."

రంపం దగ్గర మేస్త్రీ వీరరాఘవన్ మామ షెడ్డులోంచే నవ్వుతున్నాడు.

నవంబరు 16

ఇనుము. టానిన్ ఇనుముని తాకితే సిరా అవుతుంది. మొదటి సంవత్సరంలోనే చదివాను, మార్కులు కూడా వచ్చాయి. అమ్మ వంటింటి ఆచారానికి తలొగ్గి కెమిస్ట్రీ మరిచిపోయాను.

నవంబరు 22

మట్టి కుండ. పొద్దు వాలేసరికి కుండ అడుగున తేనె లాంటి ఎర్రటి జిగురు. జిగురు! ఈ మాట పలికితే పెదాలు నిజంగానే అంటుకుంటాయి.

మొదటి పలక మధ్యలో ఉడకలేదు. రెండోది మాడింది. మూడోది విరిచి చూస్తే బొరుగుల ఉండలా పొడిపొడిగా రాలింది. నాయన ఒక ముక్క తీసుకుని తిప్పి చూసి, "ఇది మరం కాదు అమ్మణ్ణీ. మరం మాదిరి" అన్నాడు.

"పొట్టు మాత్రం మరం కాదా నాయనా?"

నాయన ముక్కని కింద పారెయ్యలేదు. జేబులో వేసుకున్నాడు. నేను చూశాను.

డిసెంబరు 6

వచ్చింది! నేరేడు పండు రంగులో, తట్టితే ఠంగుమనే పలక. బకెట్టు నీళ్ళలో రాత్రంతా ఉంచినా ఉబ్బలేదు. నాయన దాన్ని గోటితో గీరాడు, పళ్ళతో కొరికాడు, ఎండలో పెట్టి చూశాడు, చివరికి దానిమీద ఎక్కి నిలబడ్డాడు. అప్పుడు వీరరాఘవన్ మామని పిలిచి దానిమీద నిలబెట్టాడు. మామ నాయనకి రెండింతలు ఉంటాడు.

"మొదలాళీ, విరిగితే నన్ననొద్దు" అన్నాడు. మొదలాళీ అంటే యజమాని.

"విరగదురా. మా బిడ్డ చేసింది."

విరగలేదు.

డిసెంబరు 7

మా బిడ్డ చేసింది. మా బిడ్డ చేసింది.

డిసెంబరు 20

నేను అనుకున్నట్టే అయింది. నాకు తరగతులు ఉన్న రోజుల్లో పలకలు ఎవరు బిగిస్తారని అడిగితే, "నేనుండాను కదా" అన్నాడు నాయన. పొద్దున ఒక విడత, మధ్యాహ్నం ఒక విడత. జిగురులో ఫార్మలిన్ కలపడం, పొట్టు పిసకడం, ఇనుప పలకల బోల్టులు బిగించడం అన్నీ ఆయనే. వాన జల్లు కొట్టకుండా రేకుల కొట్టు తలుపు మూసుకుని మరీ చేస్తున్నాడు. రంపం దగ్గరికి దుంగ ఎక్కినప్పుడు మాత్రం వెళ్ళి, పొట్టు పీల్చి, మాట చెప్పి, మళ్ళీ కొట్టులోకి వస్తున్నాడు. ఇదివరకు రోజంతా షెడ్డులోనే ఉండే మనిషి!

అమ్మకి చెప్పాను, మెల్లగా మానిపిస్తున్నానని. నా తలమీద చెయ్యి వేసి, "నువ్వు చదివిన చదువు ఇప్పుడు పనికొచ్చింది" అంది.

నాయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నావీ ఉన్నాయి. కొంచెం మండుతాయి, అంతే.

దగ్గు ఉంది. చలికాలం జలుబు.

జనవరి 5, 1982

నాయన సాంబారులో ఇంగువ వెయ్యలేదన్నాడు. అమ్మ వేశానంది. వెయ్యలేదన్నాడు. అమ్మ ఇంగువ డబ్బా తెచ్చి కంచం పక్కన ఠక్కున పెట్టింది. నేనూ తిన్నాను, ఇంగువ ఘాటుగానే ఉంది. నాయనకి వేళాకోళం ఎక్కువ.

జనవరి 13

చిన్నమ్మాయి పండక్కి యానాం వెళ్ళలేదు, పరీక్షలని. మా ఇంటికి వచ్చింది. నాయన దాన్ని ఏడిపించడానికి ప్రతి మాటకీ "ఆయ్, ఆయ్" అంటుంటే, అది మా యాసలో "ఏంది నాయనా, యాడికి పోతా ఉండావు?" అని ఎదురు కొట్టింది. అమ్మ నవ్వీ నవ్వీ కుర్చీలో కూలబడింది.

వెళ్ళేటప్పుడు చిన్నమ్మాయి నన్ను గుమ్మం బయటికి లాగి, "మీ నాన్న కాఫీ తాగేముందు వాసన చూసి మొహం అదోలా పెట్టేరు, చూసేవా?" అంది.

చూడలేదు. కాఫీ పొడి మారింది కదా, అందుకేమో.

జనవరి 24, ఆదివారం

ఒర్లియంపేటలో మా వీధి చివర ఇల్లు కడుతున్న బాలసుబ్రహ్మణ్యం గారు ద్వారబంధాలకి పనస దుంగ తెచ్చారు. నాయన మొదటి కోతకి పొట్టు పట్టి పీల్చాడు. మామూలుకన్నా ఎక్కువసేపు పీల్చాడు. "బాగుండాది, కొయ్యి" అన్నాడు.

నాలుగో కోతకి నడిమధ్యన నల్లటి పుచ్చు బయటపడింది. వీరరాఘవన్ మామ రంపం ఆపేశాడు. బాలసుబ్రహ్మణ్యం గారు మర్యాదస్తుడు కాబట్టి, "దుంగ మోసం చేసింది, మీరేం చేస్తారు పట్టాభి" అన్నారు.

నాయన కిందినుంచి గుప్పెడు పొట్టు తీసి నా దగ్గరికి వచ్చాడు.

"ఏం వాసన అమ్మణ్ణీ?"

"పులిసిన వాసన నాయనా. చద్దన్నం కుండ లాగా."

"ఆఁ. పులుపే" అన్నాడు. పొట్టుని ఎప్పటిలా గాల్లోకి విసిరెయ్యలేదు. మెల్లగా కింద పోశాడు.

ఎవరికైనా ఒక్కోసారి పొరపాటు అవుతుంది.

జనవరి 25

పొరపాటు కాదు. ఇంగువ కాదు. కాఫీ పొడి కాదు. ఇంకో సంగతి కూడా రాస్తాను, దాన్ని ఇక్కడైనా సరిగ్గా రాయాలి. నాయన దగ్గు జలుబు కాదు. ఎప్పుడూ కాదు.

జనవరి 26

రామభద్రరావు గారి ఇంటికి వెళ్ళాను. ఫార్మలిన్ ఆవిరి ముక్కులో వాసన పట్టే పొరని మొద్దుబార్చగలదని చెప్పారు. పీల్చడం మానేస్తే చాలామందికి తిరిగి వస్తుంది, అందరికీ వస్తుందని చెప్పలేనన్నారు.

"తలుపు మూసిన కొట్టులోనా! నేను కిటికీలున్న చోట అన్నాను కదమ్మా."

అన్నారు. నవంబరు తొమ్మిదిన నేనే ఈ డైరీలో రాసుకున్నాను.

జనవరి 27

పొద్దున నాయన స్కూటరు బయటికి తీస్తుంటే అడ్డంగా నిలబడ్డాను.

"నాయనా, నీకు వాసన తెలియడం లేదు కదా?"

"ఎవరు చెప్పినారు? ఆ యానాం పిల్లా?"

"ఎప్పటినుంచి?"

స్కూటరుకి స్టాండు వేశాడు. అమ్మ లోపల ఉందో లేదో చూసుకున్నాడు. "పండక్కి ముందు నుంచి. మీ అమ్మకి చెప్పొద్దు."

"మరి ఆ పని ఎందుకు చేస్తున్నావు?"

"ప్రదర్శన ఉండాది కదా నీకు. పది మంది చూడాల కదా నా బిడ్డ చేసింది." అని నవ్వాడు. "ఏడవొద్దు, ఛీ. ఇప్పుడేమైంది? నీకూ మీ అమ్మకీ కావాల్సింది ఇదే కదా. ముక్కే లేకపోతే రంపం దగ్గర నాకేం పని? ఇంక ఎవరూ నన్ను పొమ్మని చెప్పే అవసరం లేదు. నేనే పోతా."

నిజమే. నేను కోరుకున్నదే. ఇన్ని నెలలుగా నేను అడిగింది ఇదే. ఆ స్కూటరు మీదే కూర్చుని ఏడ్చాను, వీధిలోనే.

"ఆ సీసా ఇవాళే కాలేజీకి తిరిగి ఇచ్చేస్తాను" అన్నాను.

"ప్రదర్శన?"

"ఫార్మలిన్ బదులు సున్నంతో చేస్తాను."

"నిలుస్తాదా?"

"నిలవదేమో."

నా మొహం వైపు చూశాడు. "నీ కళ్ళు చూసుకున్నావా అద్దంలో? కుంకుడుకాయ పులుసు పడినట్టుండాయి. పొట్టు వద్దని నాకు చెప్తావు, నువ్వేమో ఆ సూది వాసనలో కూర్చుంటావు. నీకేం కాదు, నాకేం కాదు. తండ్రీ బిడ్డా బాగానే ఉండాం."

"అయితే నేను ఇది మానతాను. నువ్వు షెడ్డు మానెయ్."

"మానినట్టే కదా."

"అట్లా కాదు. ముక్కు తిరిగి వచ్చినా షెడ్డులోకి వెళ్ళకూడదు."

నాయన నన్ను స్కూటరు మీంచి దింపాడు. స్టాండు తీశాడు. చాలా దూరం వెళ్ళాక, "సరే" అన్నట్టు చెయ్యి ఊపాడు. వెనకనుంచి వచ్చే రిక్షాకి దారి ఇవ్వడానికి ఊపాడేమో కూడా.

జనవరి 28

సీసా నిన్ననే ఇచ్చేశాను. రామభద్రరావు గారు దాన్ని అలమరలో పెట్టి తాళం వేశారు.

ఫిబ్రవరి 10

సున్నం కలిపిన పలకలు. కొట్టు బయట, ఎండలో, గాలిలో చేస్తున్నాను. చూడ్డానికి బాగుంటాయి. తట్టితే ఠంగుమనవు. నీళ్ళు తగిలితే ఉబ్బుతాయి. ఇంటి లోపల, పైకప్పు కింద అతికించుకోవడానికి పనికొస్తాయేమో.

నాయన మిల్లుకి వెళ్ళడం లేదు. హాల్లో పేపరు పట్టుకుని కూర్చుంటాడు. ఒకే పేజీ. అమ్మకి చెప్పేశాను. అమ్మ ఇంగువ డబ్బాని ఆయన కంట పడకుండా అటకమీద దాచేసింది.

ఊపిరి మెరుగ్గా ఉంది. మెట్లెక్కితే ఈల శబ్దం రావడం లేదు. సంతోషించాలి. సంతోషంగానే ఉన్నాను. కానీ ఆ పేపరు పేజీ తిప్పితే బాగుండు.

ఫిబ్రవరి 21, ఆదివారం

ప్రదర్శన. బహుమతి లేదు. ఒక పెద్దాయన నా పలకమీద గ్లాసుడు నీళ్ళు పోశారు. అది పాయసంలో వేసిన అప్పడంలా మెత్తబడింది. "ఇంతకుముందు ఇంకా మంచిది చేశావట కదా, అది ఎందుకు పెట్టలేదు?" అని అడిగారు. దాన్ని చేస్తే పక్కవాళ్ళు పీల్చే గాలి పాడవుతుందని చెప్పాను. ఆయన రాసుకున్నారు. ఏం రాసుకున్నారో తెలియదు.

చిన్నమ్మాయి బస్టాండు దాకా మెత్తబడిన పలకని తనే మోసింది. "పోన్లే. ఎండితే మళ్ళీ గట్టిపడుద్ది. మనలాగే" అంది.

మార్చి 2

నాయనకి ఇవాళా వాసన తెలియలేదు. కర్పూరం చూపించాను. "చల్లగా ఉండాది" అన్నాడు. చల్లదనం వాసన కాదు.

మార్చి 14, ఆదివారం

అమ్మ పాలు పొయ్యిమీద పెట్టి, కూరగాయలావిడ పాప్పాత్తితో గుమ్మంలో బేరమాడుతోంది. నేను బట్టలు మడతపెడుతున్నాను. హాల్లోంచి నాయన అరిచాడు.

"హేమా! పాలు మాడతా ఉండాయి!"

అమ్మ పరిగెత్తి వంటింట్లోకి పోలేదు. ఉన్నచోటే నిలబడిపోయింది, చేతిలో వంకాయతో. నేను హాల్లోకి వచ్చాను. నాయన పేపరు కింద పడేసి లేచి నిలబడి ఉన్నాడు.

"ఏందట్లా చూస్తా ఉండారు ఇద్దరూ? పాలు! పాలు దించండి!"

ఎవరమూ దించలేదు. గిన్నె అడుగంటి ఇల్లంతా కమురు వాసన నిండేదాకా అమ్మ ఆయన మొహాన్నే చూస్తూ ఉంది. పాప్పాత్తి మాత్రం గుమ్మంలోంచి, "ఏమ్మా, పాలు మాడ్చుకుంటే ఇంత సంతోషమా ఈ ఇంట్లో?" అంది.

నాయన చెప్పులు వేసుకున్నాడు. స్కూటరు తాళం తీసుకున్నాడు. గుమ్మం దిగాడు.

అమ్మ నా వైపు తిరిగింది. "పోతా ఉండాడు కోమలా." ఆ గొంతులో ఎంత సంతోషం ఉందో అంత భయం. నా గొంతులోనూ అదే ఉండేది, మాట్లాడి ఉంటే.

అదే రోజు, సాయంత్రం

విల్లియనూరు బస్సు పట్టుకుని వెనకే వెళ్ళాను. దారంతా ఏం అనాలో మాటలు కూర్చుకున్నాను. నాయనా, నువ్వు మాటిచ్చావు. నాయనా, నేను నా సీసా ఇచ్చేశాను. ఇన్ని మాటలు నేర్చుకున్నాను, ఒక్కటీ సరిపోవడం లేదు.

రంపం తిరిగే చప్పుడు రోడ్డుమీదికే వినిపిస్తోంది. పరిగెత్తాను.

నాయన గేటు దగ్గర ఉన్నాడు. ఆఫీసు గదిలోంచి చెక్క కుర్చీ లాక్కొచ్చి గేటు పక్కన వేప నీడలో వేసుకుని, షెడ్డుకి దూరంగా కూర్చున్నాడు. వీరరాఘవన్ మామ షెడ్డులోంచి చెమటలు కక్కుతూ వస్తున్నాడు. చేతిలో స్టీలు గ్లాసు. గ్లాసులో, ఎగరకుండా నీళ్ళు చల్లి తడిపిన గుప్పెడు పొట్టు.

నాయన గ్లాసు అందుకుని, కళ్ళు మూసుకుని, మూతిలో ముక్కు పెట్టి పీల్చాడు. చాలాసేపు. నేను గేటు కమ్మీ పట్టుకుని నిలబడ్డాను.

"మామిడి. చెరువు గట్టుది" అన్నాడు. "ఇంకా పచ్చి ఉండాది. దించి నీడలో పెట్టు."

"అది చెప్పడానికి నేను ఇంత దూరం నడవాల్నా మొదలాళీ? రోజుకి ఎన్ని దుంగలు! మీరు రెండడుగులు లోపలికి వేస్తే అయిపోతాది కదా."

"వెయ్యను. నువ్వే నడువు. కొవ్వు కరుగుతాది."

మామ గ్లాసు తీసుకుని గొణుక్కుంటూ వెనక్కి పోయాడు. నాయన అప్పుడు నన్ను చూశాడు. బస్సులో కూర్చుకున్న మాటలన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి.

"తడిపితే వాసన ఇంకా బాగా తెలుస్తా ఉండాది" అన్నాడు, నేనేదో అడిగినట్టు. "ఇన్నాళ్ళూ తెలియనే లేదు."

ఇంకో దుంగ ఎక్కింది. షెడ్డులో పొట్టు పొగలా లేచింది. గాలి ఇటు తిరిగి, పలచగా కొంచెం గేటు దాకా కూడా వచ్చింది. నేను వెళ్ళి కుర్చీ వీపు పట్టుకుని ఇంకో మూరెడు వెనక్కి లాగాను. నాయన కాళ్ళు రెండూ పైకెత్తి లాగనిచ్చాడు.